సంపులో నీళ్లు ఆగకపోతే ముందు బంతిని ఊపి చూడండి

సంపు నిండినా నల్లా నీళ్లు ఆగడం లేదు, బాల్ వాల్వ్ (సంపు నిండగానే బంతి తేలి, రాడ్డును పైకి లేపి నీళ్లు ఆపేది) మార్చడానికి ప్లంబర్‌ను పిలవాలా, మనమే మార్చుకోవచ్చా అని అడిగారు. మీరే మార్చుకోవచ్చు. అయితే షాపుకు వెళ్లేముందు పాతదాని బంతి ఊడదీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపండి.

మేము హైదరాబాద్ మల్కాజిగిరిలో కింది పోర్షన్‌లో అద్దెకుండేవాళ్లం. రోజు విడిచి రోజు తెల్లవారుజామున నాలుగింటికి నల్లా వచ్చేది. ధనుర్మాసంలో ఒకరోజు ఎదురింటి బామ్మగారు గేటు కొట్టి, "బాబూ, మీ సంపు పొంగి నా ముగ్గంతా కొట్టుకుపోతోంది, లేవండయ్యా" అన్నారు. పరుగెత్తి చూస్తే రోడ్డు మీద చెప్పులు మునిగేంత నీళ్లు. మా ఆవిడ ఫోన్ లైటు పట్టుకుంది, నేను మూత లేపాను. పైన తేలాల్సిన బంతి నీళ్లలో మునిగిపోయి ఉంది. తిప్పి ఊడదీసి ఊపితే లోపల గుళగుళమని చప్పుడు. రెండు సగాలు అతికించిన చోట సన్నగా బీటలు వారి నీళ్లు లోపలికి చేరాయి. ఇక అది తేలేదెలా? తేలకపోతే రాడ్డు పైకి లేవదు, వాల్వ్ మూసుకోదు.

షాపులు తెరిచేది పదింటికి. చేతికి దొరికిన లీటరు ఖాళీ నీళ్ల సీసాకు మూత గట్టిగా బిగించి, నైలాన్ తాడుతో రాడ్డు చివర కట్టేశాను. కాసేపటికే ధార సన్నబడి ఆగిపోయింది. ఆ సీసాతోనే రెండు వారాలు గడిచాయి.

నా బాధ ఏమిటంటే, ఆ ప్లాస్టిక్ వాల్వ్ పెట్టి రెండు నెలలే అయింది. అంతకుముందున్నది ఇత్తడిది. బొట్లు బొట్లుగా కారుతోందని పిలిస్తే, వచ్చిన ప్లంబర్ "మొత్తం పోయింది సార్" అని కొత్తది బిగించి పాతది తీసుకెళ్లిపోయాడు. నన్నడిగితే దానిలో పోయింది రబ్బరు వాషర్ ఒక్కటే. బోరు నీళ్లు కలిసే ఇళ్లలో ఉప్పు పేరుకుని కూడా వాషర్ సరిగ్గా కూర్చోదు. నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో కాసేపు నానబెట్టి రుద్దితే చాలాసార్లు సరిపోతుంది. బంతి పోతే బంతే కొనండి, వాషర్ పోతే వాషరే కొనండి. విడిగా దొరకదని ఒక షాపులో అంటే పక్క షాపులో అడగండి.

మార్చక తప్పకపోతే నల్లా రాని రోజు పెట్టుకోండి. సంపులో మోటారు ఉంటే స్విచ్ ఆపితే చాలదు, మెయిన్ తీసేశాకే నీళ్లలో చెయ్యి పెట్టండి. వాల్వ్ పైనుంచే చేతికి అందేలా ఉంటేనే చెయ్యండి. మూసి ఉన్న సంపులోకి ఒంటరిగా దిగవద్దు, గాలాడక మనుషులు పోయారు. పాతది ఊడదీసేటప్పుడు ఒక పానాతో పైపును కదలకుండా పట్టుకుని, రెండో పానాతో వాల్వ్ తిప్పండి. అలా పట్టుకోకపోతే గోడలోని జాయింటు కదిలి పని పెద్దదవుతుంది. పైపు అర ఇంచా, ముప్పావు ఇంచా చూసుకుని అదే సైజు ఇత్తడిది తెచ్చుకోండి. మరలకు టెఫ్లాన్ టేపు పది చుట్లు చుట్టి బిగించండి. తర్వాత రాడ్డును కొంచెం కిందికి వంచండి, నీళ్లు పైపు మూతికి జానెడు కిందే ఆగాలి. మూతి నీళ్లలో మునిగి ఉంటే, నల్లా ఆగినప్పుడు సంపు నీళ్లు తిరిగి వీధి పైపులోకి లాగేసే ప్రమాదం ఉంది.

ఇల్లు కట్టేవాళ్లు బాల్ వాల్వ్‌కు ముందు బయట చేత్తో తిప్పి నీళ్లు ఆపే గేట్ వాల్వ్ ఒకటి ఎందుకు పెట్టరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అదొక్కటి ఉంటే ఆ రోజు బామ్మగారి గేటు ముందు అన్ని నీళ్లు పోయేవి కావు. ఎల్లంపల్లి నుంచి గోదావరిని, నాగార్జునసాగర్ వైపు నుంచి కృష్ణను వంద కిలోమీటర్లకు పైగా పంపులతో ఎక్కించి మన వీధికి తెస్తున్నారు. అన్ని ఊళ్లు దాటి వచ్చిన నీళ్లు మన గుమ్మం ముందు మోరీ పాలవుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. మీ సంపుకు గేట్ వాల్వ్ లేకపోతే, ఎలాగూ పైపు విప్పుతున్నారు కాబట్టి ఈసారే పెట్టించేయండి.