టెలిమెడిసిన్‌లో మెడికల్ స్టూడెంట్ మందులు రాయవచ్చా?

రాయకూడదు, ఎంబీబీఎస్ విద్యార్థి రోగితో ఫోన్‌లోనో వీడియోలోనో మాట్లాడి వివరాలు రాసుకోవచ్చు గానీ, మందులు రాయాల్సింది రిజిస్టర్డ్ డాక్టరే. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం వైద్య సలహా ఇచ్చే అధికారం వారిదే. చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి, జవాబుదారీ కూడా ఆ డాక్టరే.

ఉదాహరణకు, దేవరకొండ వైపు తండాలో ఉండే ఒక షుగర్ పేషెంట్ సబ్‌సెంటర్ నుంచి వీడియోలో మాట్లాడుతోందనుకుందాం. అవతల నల్లగొండలో కూర్చున్న విద్యార్థి, గోలీలు రోజూ వేసుకుంటున్నారా, కాళ్లకు తిమ్మిర్లు ఉన్నాయా, ఎక్కడైనా పుండు పడిందా అని అడుగుతాడు. సబ్‌సెంటర్‌లో ఉండే ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) ఫోన్ కెమెరాను పాదం దగ్గరికి తెస్తుంది. విద్యార్థి పక్కనే ఉన్న డాక్టర్ అది చూసి, తానూ నాలుగు మాటలు అడిగి, మందు మార్చాలో, ఆస్పత్రికి రమ్మనాలో తేలుస్తారు. చేత్తో తాకి చూసే వీల్లేని చోట సరైన ప్రశ్న వేయడమే సగం వైద్యం. అందుకే విద్యార్థులకు ఇది చాలా విలువైన శిక్షణ.

ఎక్కువమంది పొరపడేది హౌస్ సర్జన్ల విషయంలో, అంటే ఎంబీబీఎస్ పరీక్షలయ్యాక ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్ చేసేవాళ్ల విషయంలో. పరీక్షలు పాసయ్యారు కదా, సొంతంగా చూడొచ్చనుకుంటారు. వాళ్లకు ఉన్నది తాత్కాలిక రిజిస్ట్రేషనే. వాళ్లూ సీనియర్ల పర్యవేక్షణలోనే పనిచేయాలి. విద్యార్థితో మాట్లాడటం ఇష్టం లేకపోతే, డాక్టర్‌తోనే మాట్లాడతానని రోగి మొహమాటం లేకుండా చెప్పవచ్చు.