నెమ్మదస్తులకు పిల్లి సరిపోతుందా? ముందు వరస రాయండి

మీరు అడిగింది రెండు ముక్కలు. పెద్దగా మాట్లాడని మనిషికి పిల్లి సరిపోతుందా, కుక్క సరిపోతుందా అన్నది ఒకటి. మీకు డిగ్రీలో చెబుతున్న క్రమ జాబితాలు (వరస మారితే వేరే అయిపోయే జాబితాలు) బయట ఎక్కడైనా పనికొస్తాయా అన్నది రెండోది. రెండోదాన్ని పట్టుకుంటే మొదటిది తేలిపోతుంది. నేను కోనసీమలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. ఇప్పుడు ఇంట్లో పిల్లి ఉంది, అంతకుముందు కుక్క ఉండేది.

ఫోన్లో వచ్చే "మీ స్వభావానికి ఏ జంతువు" క్విజ్‌లు మీ గుణాలను సమితిగా చూస్తాయి. మౌనం, బద్ధకం, ప్రేమ అన్నా, ప్రేమ, బద్ధకం, మౌనం అన్నా సమితికి ఒకటే. జాబితాకు అలా కాదు. (2, 5), (5, 2) వేరువేరు బిందువులని పదో తరగతిలో గ్రాఫు కాయితం మీదే చూశారు కదా.

ఇప్పుడు గుణాలు వదిలేసి అవసరాలు రాయండి. మా ఇంట్లో అయితే మూడు: ఎలుకలు తగ్గాలి (వరి కోతలయ్యాక మా వైపు అవన్నీ ఇళ్ళలోకే వస్తాయి), పిలిస్తే దగ్గరికి రావాలి, నాలుగు రోజులు ఊరెళ్ళినా ఇబ్బంది ఉండకూడదు. ఈ మూడింటిని 3×2×1 = 6 వరసల్లో రాయొచ్చు. తర్వాత నిఘంటువులో మాటలు పేర్చినట్టే. మొదటి అక్షరం దగ్గర తేడా తేలిపోతే రెండో అక్షరం జోలికి పోరు. ఎలుకలు ముందుంటే పిల్లి. పిలిస్తే రావడం ముందుంటే కుక్క. ఊరెళ్ళడం ముందుంటే చేపలు, ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు నాలుగు రోజులు మేత లేకపోయినా తట్టుకుంటాయి. అయితే తొట్టి నిండా చేపలుంటే కరెంటు పోయి గాలి మోటారు ఆగినప్పుడు టెన్షనే. అవసరాలు అవే మూడు, వరస మారితే జంతువు మారింది. నెమ్మదస్తులా కాదా అన్న ప్రశ్న ఇందులో ఎక్కడా రాలేదు, గమనించారా? పైగా కుక్కను తీసుకుని కాలవగట్టు మీద నడిస్తే ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ ఆపి మాట్లాడతారు. మాట్లాడకుండా ఉండాలనుకునేవాళ్ళు ఆ సంగతి కూడా జాబితాలో ఎక్కడో ఒకచోట రాసుకోవాలి.

చిలకను మాత్రం అసలు జాబితాలోకే రానివ్వకండి. ఎండిపోయిన కొబ్బరి మోడు తొర్రలోంచి పిల్లను తీసి ఇచ్చేవాళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలకలను పట్టడం, అమ్మడం, పెంచడం నేరం.

ఒక్కడి జాబితా వరకు లెక్క సులువే. గొడవంతా ఇంటిల్లిపాదీ కూర్చున్నప్పుడు మొదలవుతుంది. అమ్మ వరస: పిల్లి, కుక్క, చేపలు. నాన్నది: కుక్క, చేపలు, పిల్లి. చెల్లిది: చేపలు, పిల్లి, కుక్క. రెండేసి జంతువుల చొప్పున పోల్చి చూడండి. పిల్లా కుక్కా అంటే అమ్మ, చెల్లి కలిసి పిల్లిని గెలిపిస్తారు. కుక్కా చేపలా అంటే అమ్మ, నాన్న కలిసి కుక్కను గెలిపిస్తారు. అలాగైతే పిల్లి చేపలను ఓడించాలి కదా? కాదు, నాన్న, చెల్లి కలిసి చేపలను గెలిపిస్తారు. ముగ్గురిలో ఎవరి వరసలోనూ తప్పు లేదు, ఇంటికంతా కలిపి మాత్రం వరసే కుదరలేదు. మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని మించితే మొదటిది మూడోదాన్నీ మించాలని మీ పుస్తకంలో ఉండే సంక్రమ ధర్మం ఇక్కడ విరిగిపోయింది. ఫ్రెంచ్ గణితవేత్త కాండోర్సే ఈ చిక్కు గురించి 1785లోనే రాశాడు. అది ఎన్నికల గురించి, కానీ మా హాల్లో జరిగిందీ అదే.

మా ఇంట్లో ఇది ఓట్లతో తేలలేదు. రోజూ తిండి పెట్టి, పెంట ఎత్తే మనిషి జాబితానే చెల్లుతుందని అమ్మ తేల్చేసింది. నాకు ఇదే న్యాయం అనిపిస్తుంది. పిల్లల సరదా కోసం తెచ్చిన జంతువు చాకిరీ చివరికి ఇంట్లో ఒక్కరి నెత్తినే పడుతుంది. మా ఇంట్లో ఆ ఒక్కరు అమ్మే, అందుకే పిల్లి వచ్చింది. దానికి గిన్నెడు పాలు పోస్తే చాలనుకోకండి, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. చేప ముక్కో గుడ్డో కావాలి.

కుక్కకే మొగ్గుతుంటే దానికి మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించాలి, ఆ తర్వాత ఏటేటా మళ్ళీ. పిల్లికీ వేయించాలి, దాని కాటుతోనూ ఆ జబ్బు రావచ్చు.

ఇంతకీ మీ ఇల్లు ఏటి మధ్య లంకలోనా, ఏటిగట్టుకు ఇవతలా? మీరు రాయలేదు. లంకలో అయితే వరదప్పుడు జంతువును కూడా పడవ ఎక్కించాలి కాబట్టి, నేనైతే ఆ అవసరాన్ని జాబితాలో అన్నిటికన్నా పైన రాస్తాను. అది చెబితే మిగతా వరస గురించి మాట్లాడుకుందాం.