హెడ్‌ఫోన్లు తర్వాత, ముందు అత్యవసర నిధి

ప్రశ్న: నా వయసు 27. మాది ధర్మవరం. బెంగళూరులో ఒక వెండర్ కంపెనీ పేరోల్ మీద సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తున్నాను. నెలకు 58,000 చేతికి వస్తుంది. బీటీఎం లేఅవుట్‌లో పీజీకి భోజనంతో కలిపి 12,000, ఇంటికి 15,000, ఐఫోన్ వాయిదా 4,200 (ఇంకా 11 నెలలుంది), బస్సులు, ఆటోలకు 3,000, బయటి తిండికీ సినిమాలకూ 9,000, రీచార్జీలు, ఓటీటీలకు 1,500 పోతాయి. ఎనిమిది నెలలుగా మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 3,000 ఎస్‌ఐపీ కడుతున్నాను, 25,000 దాకా చేరింది. సేవింగ్స్ ఖాతాలో 18,000 ఉంది. నిరుడు నాన్న పడిపోయి మణికట్టు విరిగితే ఆపరేషన్‌కు క్రెడిట్ కార్డు వాడాను. ఆ బాకీ ఇప్పుడు 46,000. నెలనెలా మినిమమ్ డ్యూ (బ్యాంకు అడిగే కనీస మొత్తం) 2,400 కడుతున్నాను. బెల్లందూరులోని ఆఫీసుకు బస్సులో రానూపోనూ రెండున్నర గంటలు పడుతుంది. ఆఫీసులోనూ గోలే. రోజంతా పాటలు వింటూనే పని చేస్తాను కాబట్టి, మంచి వైర్‌లెస్ నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు కొనాలని ఎప్పటి నుంచో ఉంది. ఎల్‌డీఏసీ (బ్లూటూత్‌లో పాటను ఎక్కువ నాణ్యతతో పంపే పద్ధతి) ఉన్న 34,990 మోడల్ చూసుకున్నాను. కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ అయితే నెలకు 2,916 పడుతుంది. మరోవైపు ఒక లోన్ యాప్ 1,50,000 ఇస్తానంటోంది. దానితో కార్డు బాకీ తీర్చేసి, హెడ్‌ఫోన్లు కొనుక్కుని, మిగిలింది ఇంటికి పంపుదామనుకుంటున్నాను. ఏది మేలు?

జవాబు: రెండూ వద్దు. ఈఎంఐ వద్దు, యాప్ అప్పు అసలే వద్దు. హెడ్‌ఫోన్లు మాత్రం కొనుక్కోండి. ఇంకో పది నెలలకు, మీ సొంత డబ్బుతో, ఒకేసారి చెల్లించి కొనుక్కోండి. ఆ దారి కింద చెబుతాను.

మీలాంటి వారి ఉత్తరాలు తరచూ వస్తుంటాయి. ఒకరు బైకు అంటారు, ఒకరు టీవీ అంటారు. లెక్క వేసే తీరు మాత్రం అందరిదీ ఒకటే. జీతంలోంచి ఖర్చులు తీసేసి, మిగిలినదానిలో వాయిదా ఇముడుతుందా అని చూసుకుంటారు. మీ లెక్కలో నెలకు 7,900 మిగులుతోంది, 2,916 అందులో ఇమిడిపోతుంది. కూడికలూ తీసివేతలూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ ఆ లెక్కలో పన్నెండు నెలలూ జీతం ఆగకూడదు, ఇంట్లో ఎవరికీ ఏమీ కాకూడదు. నిరుడే అయింది కదా? నాన్నగారు పడిపోయారు. ఆ రోజు మీ దగ్గర 40,000 పక్కన పెట్టి ఉంటే ఈ రోజు 46,000 కార్డు బాకీ ఉండేది కాదు. ఆ బాకీ దుబారా వల్ల వచ్చింది కాదు, అత్యవసర నిధి లేకపోవడం వల్ల వచ్చింది. ఏడాది గడిచినా ఆ నిధి ఇంకా మొదలే కాలేదు. మీరేమో మరో అప్పుకు సిద్ధమవుతున్నారు. నాకు బాధ కలిగించింది ఇదే.

ముందు కార్డు సంగతి చూద్దాం. మీ స్టేట్‌మెంట్ తీసి వడ్డీ వరుస చూడండి. చాలా కార్డులపై నెలకు 3.5 శాతం దాకా ఉంటుంది. 46,000 మీద అది 1,610. దానిపై 18 శాతం జీఎస్టీ 290. అంటే మీరు కట్టే 2,400లో 1,900 వడ్డీకీ పన్నుకూ పోతోంది, అసలు తగ్గేది 500. ఏడాదికి 42 శాతం వడ్డీ కడుతూ, మరోవైపు నెలకు 3,000 ఎస్‌ఐపీ వేస్తున్నారు. ఏ మ్యూచువల్ ఫండూ ఏటా 42 శాతం ఇస్తానని మాట ఇవ్వదు. బాకీ మోస్తున్న కార్డుకు వడ్డీ లేని గడువు కూడా ఉండదు. ఆ కార్డుతో ఈ రోజు మందులు కొన్నా ఈ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

ఇలాంటి కార్డు మీద ఈఎంఐ పెట్టడం గోరుచుట్టుపై రోకటిపోటే. నో కాస్ట్ అన్న మాటను నమ్మకండి. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. ఇప్పుడు జరిగేది ఏమిటంటే, వడ్డీకి సమానమైన మొత్తాన్ని అమ్మకందారు ముందుగా ధరలో తగ్గిస్తాడు, బ్యాంకు అదే వడ్డీని మీ దగ్గర వసూలు చేస్తుంది. ఆ వడ్డీ మీద జీఎస్టీ మీదే, ప్రాసెసింగ్ ఫీజు మీదే. 16 శాతం వడ్డీ, 199 ఫీజు అనుకుంటే 750 దాకా అదనం. 750 చిన్న మొత్తమే. అసలు నష్టం వేరే చోట ఉంది. ప్రతి నెలా ఆ 2,916 మొత్తం మీ మినిమమ్ డ్యూలో కలుస్తుంది, 2,400 కాస్తా 5,300 అవుతుంది. ఒక నెల తడబడితే ఆ వాయిదాకూ పూర్తి వడ్డీ పడుతుంది, ఆలస్య రుసుము వేరు. పైగా కొన్న రోజే మీ కార్డు పరిమితిలో 34,990 బిగుసుకుపోతుంది. రేపు ఇంట్లో మళ్లీ ఆసుపత్రి ఖర్చు వస్తే కార్డూ ఆదుకోదు. అప్పుడు ఎవరి దగ్గరికి వెళతారు? ఆ యాప్ దగ్గరికే కదా?

ఇక ఆ యాప్. వడ్డీ ఎంతో మీరు రాయలేదు, బహుశా వాళ్లూ పెద్ద అక్షరాలతో రాసి ఉండరు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం, ఫీజులతో కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో అప్పు ఇచ్చే ముందే చూపించాలి. అది చూశారా? ఒక మాదిరి యాప్ అప్పు తీసుకుని లెక్క వేస్తాను. 28 శాతం వడ్డీ, 24 నెలలు, మూడు శాతం ప్రాసెసింగ్ ఫీజు. ఫీజు, దానిపై జీఎస్టీ కోసుకుని మీ చేతికి వచ్చేది 1,44,690. నెల వాయిదా 8,230. తిరిగి కట్టేది మొత్తం 1,97,000 పైనే. కార్డుకు కట్టే 2,400 ఆగినా, మీకు మిగిలే 7,900 నెలకు రెండు వేల దగ్గరికి పడిపోతుంది. 46,000 బాకీ తీర్చడానికి లక్షన్నర అప్పు ఎందుకండీ? మిగిలింది ఇంటికి పంపుతానన్నారు. అప్పు తెచ్చి ఇంటికి పంపితే అది అమ్మానాన్నలకు సాయం కాదు, వారి కొడుకు నెత్తిన బరువు. ఆ యాప్‌ను ఈ రోజే ఫోన్‌లోంచి తీసేయండి.

మీ కోరికను నేను తప్పు పట్టడం లేదు. సిల్క్ బోర్డు జంక్షన్‌లో బస్సు కదలని సాయంత్రాలు తెలిసిన వారెవరూ తప్పు పట్టరు. ఇంజను రొద, ఏసీ హోరు లాంటి ఒకే స్థాయిలో సాగే చప్పుళ్లను ఈ హెడ్‌ఫోన్లు చాలా బాగా అణచివేస్తాయి. చుట్టూ రొద తగ్గితే పాట పెద్దగా పెట్టే అవసరమూ తగ్గుతుంది. వారానికి 40 గంటలు వినేవారు 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు ఆరేడు గంటలు వినే మీకు ఇది పట్టించుకోవలసిన విషయమే. అయితే హారన్లూ పక్క సీటు వారి మాటలూ పూర్తిగా మాయం కావు. అది తెలిసే కొనండి.

కొనే ముందు మరో రెండు సంగతులు. మీరు ఎల్‌డీఏసీ ఉందని ఈ మోడల్ ఎంచుకున్నారు. మీ చేతిలో ఉన్నది ఐఫోన్. ఐఫోన్ ఎల్‌డీఏసీని పంపదు, ఏఏసీ అనే మరో పద్ధతిలోనే పాట వినిపిస్తుంది. అంటే ఏ సౌకర్యం చూసి ధర ఎక్కువైనా సరే అనుకున్నారో, అది మీకు అందనే అందదు. రెండోది వస్తువు ఆయుష్షు. వారంటీ సాధారణంగా ఏడాది. చెమటకు చెవి కుషన్ల పైపొర పెచ్చులు లేస్తుంది. లోపలి లిథియం బ్యాటరీ కొన్ని వందల చార్జింగ్‌ల తర్వాత మెల్లగా శక్తి కోల్పోతుంది, చాలా మోడళ్లలో దాన్ని ఇంట్లో మార్చుకోవడం కుదరదు. రోజుకు ఆరేడు గంటలు వాడే వారికి ఇది కొన్నేళ్లకు అరిగిపోయే వస్తువు. దానికి అప్పు వడ్డీ కట్టడం నాకు మింగుడు పడని విషయం.

ఇప్పుడు చేయవలసింది. ఎస్‌ఐపీ ఆపేయండి, చేరిన 25,000 వెనక్కి తీసి మొత్తం కార్డుకు కట్టండి. ఏడాది కాలేదు కాబట్టి ఒక శాతం ఎగ్జిట్ లోడ్ (ముందే వెనక్కి తీసినందుకు కోసుకునే రుసుము) పడవచ్చు. పడనివ్వండి, 250 రూపాయలే. సేవింగ్స్‌లోని 18,000 మాత్రం ముట్టుకోవద్దు. అది కూడా కట్టేస్తే బాకీ ఇంకా త్వరగా తీరుతుందని లెక్క చెబుతుంది. కానీ చేతిలో రూపాయి లేకపోతే చిన్న అవసరానికీ మళ్లీ కార్డే తీస్తారు. బయటి తిండి, సినిమాల 9,000లో రెండు వేలు తగ్గించుకోండి. మిగులు 7,900, ఎస్‌ఐపీ 3,000, మినిమమ్ డ్యూ 2,400, తగ్గించిన 2,000 కలిపితే నెలకు 15,300. రెండో నెలకే కార్డు బాకీ తీరిపోయి, ఎనిమిది వేల దాకా మిగులుతుంది. అందాకా ఆ కార్డుతో ఏమీ కొనకండి, ఆన్‌లైన్ అంగళ్లలో దాచిన కార్డు వివరాలు చెరిపేయండి.

మూడో నెల నుంచి అదే 15,300 అత్యవసర నిధికి. జీతం పడిన రోజే ఆ మొత్తం వేరే బ్యాంకు ఖాతాకు వెళ్లిపోవాలి. దానికి యూపీఐ కలపవద్దు, డెబిట్ కార్డు తీసుకోవద్దు. ఇప్పుడు మీకు మిగులుతున్నట్టు కనిపిస్తున్న 7,900 నిజంగా మిగిలి ఉంటే ఏడాదిగా ఖాతాలో 18,000 మాత్రమే ఎందుకుంది? నెలాఖరున మిగిలింది దాద్దామనుకుంటే ఇలాగే అవుతుంది. పీజీ, ఇంటికి పంపేది, ఫోను వాయిదా, తిండి, ప్రయాణం కలిపి మీకు నెలకు తప్పనిసరి ఖర్చు 40,000. ఈ రోజు ఉద్యోగం పోతే మీ 18,000 రెండు వారాలకు కూడా చాలదు. మీరు వెండర్ పేరోల్ మీద ఉన్నారు, క్లయింటు ప్రాజెక్టు ముగిస్తే మరో ప్రాజెక్టు దొరికే దాకా జీతం ఉంటుందో లేదో మీ కాంట్రాక్టులో చదివి చూసుకోండి. అందుకే మీకు మూడు నెలలు చాలదంటాను, ఆరు నెలల ఖర్చు, 2,40,000 ఉండాలి. ఎనిమిదో నెలాఖరుకు ఇప్పుడున్న 18,000, రెండో నెలలో మిగిలిన ఎనిమిది వేలతో కలిపి 1,18,000 దాకా చేరుతుంది, అంటే సగం దారి.

అక్కడ ఆగి, తొమ్మిది, పది నెలల మిగులు హెడ్‌ఫోన్లకు పక్కన పెట్టండి. 30,600 అవుతుంది. మీరు చూసుకున్న 34,990 మోడల్‌కు ఇది చాలదు, ఈ మొత్తంలో వచ్చేదే కొనండి. ఆరు నెలలూ నిండే దాకా ఆగమని చెప్పడమే నాకు ఇష్టం. కానీ అంతకాలం ఎవరూ ఆగరు, విసిగి మధ్యలో మళ్లీ ఈఎంఐకే వెళతారు. అందుకే ఇంతవరకూ ఒప్పుకుంటున్నాను. తర్వాత మళ్లీ నిధి వైపే. పదకొండో నెలతో ఫోను వాయిదా తీరుతుంది కాబట్టి ఆ 4,200 కూడా అందులోకే. నిధి నిండాక ఎస్‌ఐపీ మళ్లీ మొదలుపెట్టండి. పీజీ వదిలి ఇల్లు తీసుకునే ఆలోచన ఉంటే దాని అడ్వాన్సు వేరుగా కూడబెట్టండి. బెంగళూరులో చాలామంది యజమానులు ఎన్నో నెలల అద్దె ముందే అడుగుతారు, దానికి ఈ నిధిని ముట్టుకోకూడదు.

ఈలోపు బస్సులో వినడానికి మూడు వేల లోపు ఇయర్‌బడ్స్ చాలు, అవీ ఆ నెల 7,000 సరదా ఖర్చులోంచే. ఆరోగ్య బీమా గురించి ఒక్క మాట: కంపెనీ పాలసీలో అమ్మానాన్నలు ఉన్నారో లేదో హెచ్‌ఆర్‌ను అడగండి, లేకపోతే కార్డు బాకీ తీరిన నెలలోనే వారికి విడిగా పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు. నిధి ఆ మేరకు ఒకటి రెండు నెలలు ఆలస్యమైనా ఫరవాలేదు. నాన్నగారి ఆపరేషన్ సంగతీ, బీపీ, షుగర్ ఏవైనా ఉంటే అవీ దరఖాస్తులో దాచకుండా రాయండి.

కొనే రోజు వచ్చినప్పుడు కొత్త మోడల్ కోసం పట్టుబట్టకండి. ఉదాహరణకు, సోనీ తన నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్ల ప్రధాన వరుసలో 2018, 2020, 2022, 2025లలో కొత్త మోడళ్లు తెచ్చింది. కొత్తది వచ్చాక పాతదాని ధర దిగుతుంది, బస్సు రొదను అదీ బాగానే ఆపుతుంది. దుకాణంలో మీ ఐఫోన్‌కే కలిపి విని చూడండి. కుషన్లు విడిగా దొరుకుతాయా, ఎంత అని అడగండి. డబ్బు డెబిట్ కార్డుతో కట్టి బిల్లు తీసుకోండి.