పరదేశం పోయి సేవ చేస్తానన్న మేనకోడలికి

బిడ్డా,

నువ్వు పంపిన ప్రకటన చూశాను. విదేశంలో రెండు వారాలు సముద్ర తాబేళ్ళ సేవ, ఫీజు లక్షన్నర, విమానం ఖర్చు వేరే. మీ నాయన వద్దన్నాడని, నేనొక మాట చెబితే వింటాడని రాశావు. చెబుతాను గానీ ఈ ప్రకటన కోసం మాత్రం చెప్పను. విదేశంలో కొన్నాళ్ళు వలంటీర్‌గా పనిచేయాలన్న నీ ఆలోచన మంచిదే. నేను ఇథియోపియాలో పాఠాలు చెప్పిన రోజుల్లో అట్లా వచ్చిన పిల్లలను చాలామందిని చూశాను. నాలాగే మన తెలుగు లెక్చరర్లు ఎందరో అప్పట్లో ఆ దేశపు యూనివర్సిటీలకు పోయారులే. ఆ వచ్చిన పిల్లల్లో పనికొచ్చినవాళ్ళున్నారు, ఫోటోలు దిగి పోయినవాళ్ళూ ఉన్నారు.

ముందు తాబేళ్ళ సంగతి తేల్చుకుందాం. నల్గొండ, పాలమూరు వాళ్ళకు ఏజెంట్ల గురించి ఒకరు చెప్పాలా? గల్ఫ్ పోయేవాళ్ళకు మనం చెప్పే జాగ్రత్తే ఇక్కడా పనిచేస్తుంది. డబ్బు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోతుందో చూడు. చిన్న సంస్థలు వలంటీర్ల తిండి, వసతి ఖర్చు భరించలేవు కాబట్టి అది అడిగితే న్యాయమే. లక్షన్నర అడిగితే మాత్రం లెక్క చూపించమను. చూపించకపోతే నువ్వు వలంటీర్‌వి కావు, టూరిస్టువి. దక్షిణాఫ్రికాలో సింహం పిల్లలకు పాలు పట్టే 'సేవ' అని డబ్బు తీసుకున్న చోట్ల, ఆ పిల్లలు పెరిగాక కంచె లోపల వేటగాళ్ళకు అమ్ముడుపోయాయి. అనాథాశ్రమాల్లో సేవ అనే ప్రకటన ఇంకా ప్రమాదం. నేపాల్‌లో, కంబోడియాలో తల్లిదండ్రులున్న పిల్లలనే తెచ్చి అనాథలని చూపించిన కేసులు బయటపడ్డాయి. అంతకీ తాబేళ్ళే కావాలంటే ఒడిశాలో రుషికుల్య తీరం ఉంది, రైలు టికెట్‌తో అయిపోతుంది.

నీది కెమిస్ట్రీ. పుట్టింది నల్గొండ ఫ్లోరైడ్ ప్రాంతంలో, మర్రిగూడ పక్కన. నీ చదువుకు, నీ ఊరికి కలిసే పని వెతుక్కో.

మన నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కడిది? గ్రానైట్ రాయి నుంచి. ఇథియోపియా, కెన్యా, టాంజానియాల మీదుగా పోయే రిఫ్ట్ లోయలోనూ అదే ఫ్లోరైడ్, అవే పచ్చటి పళ్ళు, అవే వంగిన కాళ్ళు. అక్కడ మాత్రం కారణం అగ్నిపర్వతాల రాయి. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతి తయారుచేసి దానికి నల్గొండ టెక్నిక్ అని పేరు పెట్టారు. అది తూర్పు ఆఫ్రికాకూ పోయింది. అక్కడి నీటి ఇంజనీర్లు నల్గొండ అనేది ఒక ఊరి పేరని తెలియకుండానే రోజూ ఆ మాట వాడతారు. నేను ఆ ఊరివాణ్ణని చెబితే ఒకాయన నమ్మలేదు, మ్యాపులో చూపించాల్సి వచ్చింది.

ఇక్కడ పుస్తకంలో ఆ పద్ధతి నాలుగు లైన్లు. నువ్వూ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకునే ఉంటావు. అక్కడ చూస్తే అది ఎక్కడ ఆగిపోతుందో అర్థమవుతుంది. ఫ్లోరైడ్ మరీ ఎక్కువున్న నీటికి పటిక మోతాదు పెంచాలి. పెంచితే సల్ఫేటు పెరుగుతుంది, అల్యూమినియం మిగులుతుంది, నీళ్ళ రుచి పోతుంది. రుచి పోయిన నీళ్ళు ఎవరూ తాగరు. కింద చేరిన మడ్డి ఎక్కడ పోయాలన్నది ఇంకో తలనొప్పి. సైన్సు స్టూడెంటుకు పరదేశంలో దొరికే పెద్ద లాభం ఇదే. ఒక్క చోట చూసిన సమస్యను అక్కడి సంగతే అనుకుంటావు. రెండో చోట చూశాక ఏది రాయి వల్ల, ఏది మనుషుల అలవాటు వల్ల, ఏది పద్ధతిలోని లోపం వల్ల అని విడదీయడం వస్తుంది. పీహెచ్‌డీకి ప్రశ్న అట్లాంటి చోటే దొరుకుతుంది.

రెండో లాభం చిన్న పనుల్లో ఉంటుంది. మన ల్యాబులో అటెండర్ సీసాలు కడిగి పెడతాడు, రీడింగ్ తప్పొస్తే పక్కవాడి రికార్డు ఉంటుంది. అక్కడ కరెంటు పోతుంది, డిస్టిల్డ్ వాటర్ అయిపోతుంది, ఫ్లోరైడ్ కొలిచే నీ ఎలక్ట్రోడ్‌కు నువ్వే దిక్కు. పొద్దున్నే గాఢత ముందే తెలిసిన ద్రావణాలు, అంటే స్టాండర్డ్‌లు పెట్టి, గాఢత పది రెట్లయితే 59 మిల్లీవోల్టుల దగ్గర తేడా వస్తుందో లేదో చూసుకున్నాకే శాంపిల్ ముట్టుకోవడం అలవాటవుతుంది. ఫ్లోరైడ్ శాంపిల్‌ను గాజు సీసాలో పట్టకూడదన్న ముక్క నీకు తెలుసు. ప్లాస్టిక్ సీసాలు ఊళ్ళో దొరకనప్పుడు ఏం చేయాలో తెలియదు.

ఒక సంగతి చెబుతా. ఇథియోపియాలో గంటలు పొద్దు పొడుపు నుంచి లెక్కపెడతారు. మన ఎనిమిదింటిని వాళ్ళు రెండు గంటలంటారు. వాళ్ళ ఏడాదికి 13 నెలలు, సంవత్సరం మనకంటే ఏడెనిమిదేళ్ళు వెనక. ఒక వలంటీరు పిల్ల బాక్టీరియా పరీక్షకు నీళ్ళు పట్టుకొచ్చింది. ఆ పరీక్షకు శాంపిల్ తీసి ఎంతసేపయిందన్నది ముఖ్యం. సీసాల మీద చూస్తే కొన్నిటికి తన వాచీ టైము, కొన్నిటికి ఊరివాళ్ళు చెప్పిన టైము. ఏది ఏదో తెలియక సగం పారబోసింది. మర్నాటి నుంచి ప్రతి సీసా మీద రెండు టైములూ, తేదీ, పంపు ఎంతసేపు నడిచాక పట్టిందో రాసేది. స్వాహిలీ మాట్లాడే చోట్ల కూడా గంటల లెక్క ఇట్లాగే ఉంటుంది, గుర్తుపెట్టుకో.

ఇంకోటి, మనుషులతో కూర్చోవడం. ఇథియోపియాలో ఇంటికి పోతే కాఫీ మూడు విడతలు పోస్తారు. అబోల్, తోనా, బరకా అని పేర్లు. ఏ నీళ్ళు తాగుతున్నారని అడిగి మొదటి కప్పుకే లేచొచ్చిన వాళ్ళకు 'శుద్ధి చేసిన ట్యాంకు నీళ్ళే తాగుతున్నాం' అన్న జవాబు దొరికేది. మూడోది దాకా కూర్చుంటే అసలు మాట వచ్చేది: శుద్ధి చేసిన నీళ్ళు బట్టలకు, తాగేది పాత బోరు నీళ్ళు. మన దగ్గర మాత్రం ఇంట్లో భగీరథ నల్లా పెట్టుకుని ఇరవై లీటర్ల క్యాను కొనేవాళ్ళు లేరా?

ఇంగ్లీషు గురించి టెన్షన్ పడకు. అక్కడ వాళ్ళకూ అది రెండో భాషే, మూడో భాషే. నవ్వేవాళ్ళు ఉండరు. ఇక ఉద్యోగం మాట. గ్రూప్స్ పరీక్షలో ఈ వలంటీర్ సర్టిఫికెట్‌కు ఒక్క మార్కు రాదు. ఆ ఆశతో పోతే వద్దు. బయటి దేశపు పీహెచ్‌డీకి మాత్రం, నీ పని కళ్ళారా చూసిన శాస్త్రవేత్త రాసే ఉత్తరం బాగా పనికొస్తుంది.

ఎక్కడికి పోవాలి? నా మాటగా నేపాల్‌తో మొదలుపెట్టు. తెరాయి ప్రాంతంలో గొట్టపు బావుల్లో ఆర్సెనిక్ అనే విషం ఉంది. ఇసుక, ఇనుప మేకులతో చేసిన కాంచన్ ఫిల్టర్ అక్కడ వాడారు. మేకుకు పట్టిన తుప్పు ఆర్సెనిక్‌ను పట్టేస్తుంది. మనకు వీసా అక్కర్లేదు, మీ నాయన గుండె కూడా నిలబడుతుంది. ఆఫ్రికా అయితే టాంజానియాలో అరుషా వైపు చూడు, అక్కడి నెల్సన్ మండేలా సైన్సు టెక్నాలజీ సంస్థలో ఫ్లోరైడ్ తీసే పద్ధతుల మీద పరిశోధన జరుగుతుంది. ఇథియోపియా మీద నాకు ప్రేమ ఉన్నా, 2020–22 టిగ్రాయ్ యుద్ధం తర్వాత కూడా కొన్ని ప్రాంతాల్లో గొడవలు ఆగలేదు, ఇప్పుడు పొమ్మని చెప్పను. ఐక్యరాజ్యసమితి వలంటీర్ల కార్యక్రమంలో 18 నుంచి 26 ఏళ్ళ వాళ్ళకు విడిగా అవకాశాలుంటాయి, నెలనెలా బతుకు ఖర్చు ఇస్తారు. పేరు నమోదుకు పైసా కట్టొద్దు. ఇంటినుంచి ఆన్‌లైన్లో చేసే పనులూ అందులో ఉంటాయి. జర్మనీలో పర్యావరణ సేవా సంవత్సరం అని ఒకటుంది, 27 నిండకూడదు, జేబు ఖర్చు ఇస్తారు, కానీ జర్మన్ రావాలి.

ఎవరికైనా రాసేముందు ఇక్కడ పని చేసి చూపించు. సెలవుల్లో మర్రిగూడ, నాంపల్లి, చండూరు మండలాల్లో పాత బోర్ల నీళ్ళు పట్టి మీ సార్ సాయంతో కొలువు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటినవి ఎన్ని, వాటిలో కాల్షియం ఎంత, ఒక పట్టిక వేయి. అప్పుడు మెయిల్‌లో 'నేను కష్టపడి పనిచేసే విద్యార్థిని' అని రాయాల్సిన పని ఉండదు. నేనెవరు, ఏ పరికరం మీద చేయి తిరిగింది, ఎన్ని శాంపిళ్ళు చేశాను, మీ దగ్గర ఏ నెల నుంచి ఏ నెల దాకా ఉండగలను. ఈ నాలుగు ముక్కలు చాలు, పట్టిక జతచేయి. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఇంకోసారి రాయి, ఆపైన వదిలేయి.

టూరిస్టు వీసా మీద వలంటీర్ పని చేయొద్దు, చాలా దేశాల్లో అది నేరం. టాంజానియాలో వలంటీర్లకు సి క్లాస్ రెసిడెన్స్ పర్మిట్ తీసుకోవాలి, పిలిచిన సంస్థే దానికి కాగితాలు ఇవ్వాలి. ఇవ్వలేమంటే అక్కడితో ఆపేయి. కెన్యా మీదుగా వస్తే ఎల్లో ఫీవర్ టీకా కాగితం లేకుండా మన ఎయిర్‌పోర్టులో వదలరు. ఆ టీకా హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ)లో వేస్తారు, ప్రయాణానికి పది రోజుల ముందన్నా పడాలి.

ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా. మన ఊళ్ళలో వంకర కాళ్ళ పిల్లలను మంచం మీద కూర్చోబెట్టి ఎంతమంది ఫోటోలు తీసుకుపోయారో నీకు తెలుసు. మళ్ళీ వచ్చి చూసినవాడు ఎంతమంది? నువ్వు అక్కడ ఆ పని చేయకు. కొలిచిన నీటి లెక్క ఆ ఊరివాళ్ళకు వాళ్ళ భాషలో చెప్పకుండా రాకు. ఆ లెక్కతో పేపరు రాస్తే అక్కడివాళ్ళ పేర్లు కూడా ఉండాలి.

మీ నాయనతో నేను మాట్లాడతాను. ఆయన భయం దూరం గురించి కాదు, నిన్ను ఎవరు చూసుకుంటారని. పిలిచిన సంస్థ చిరునామా, అక్కడి ప్రొఫెసర్ నంబరు, ఉండే హాస్టలు వివరాలు కాగితం మీద రాసి ఆయన చేతికివ్వు, సగం పని అయిపోతుంది. అప్పు చేసి, మీ అమ్మ బంగారం తాకట్టు పెట్టి పోయే పనైతే మాత్రం నేనూ ఆయన పక్షమే.

పాస్‌పోర్టుకు ఇప్పుడే అప్లై చెయ్యి, 1500 రూపాయలు. పోలీసు వెరిఫికేషన్‌కు ఇంటి దగ్గర ఉండు, హాస్టల్లో కాదు. దసరాకు దేవరకొండ వస్తావు కదా, నీ పట్టిక, మెయిల్ ముసాయిదా తెచ్చుకో. ఎర్ర పెన్ను నా దగ్గర ఇంకా ఉంది.

మీ మామ