స్క్రీన్ కోసం రాసిన కళ్లజోడు: డబ్బు ఎవరు పెట్టుకోవాలి?

ప్రశ్న: లాయర్ గారూ, నాకు 43 ఏళ్లు. ఒక ఐటీ కన్సల్టెన్సీ స్పాన్సర్ చేసిన స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఇంగ్లండ్ వచ్చి రెడింగ్‌లో ఉంటున్నాను. పని లండన్‌లోని ఒక బ్యాంకు ప్రాజెక్టులో. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే. దూరపు చూపుకి చిన్నప్పటి నుంచి అద్దాలున్నాయి. ఈ మధ్య స్క్రీన్ మీద అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి, సాయంత్రమయ్యేసరికి తలనొప్పి. సొంత డబ్బుతో పరీక్ష చేయించుకుంటే, చత్వారం మొదలైంది, కంప్యూటర్ దూరానికి వేరే పవర్ కావాలన్నారు. వెరైఫోకల్ తీసుకోమని షాపువాళ్లు 290 పౌండ్లు చెప్పారు. మా కన్సల్టెన్సీ హెచ్‌ఆర్‌ని అడిగితే, "మీరు పనిచేసేది బ్యాంకులో కదా, అక్కడ అడగండి" అన్నారు. బ్యాంకువాళ్లేమో "మీరు మా ఉద్యోగి కాదు" అన్నారు. ఇంకా గట్టిగా అడిగితే వీసాకి ఏమైనా ఇబ్బంది వస్తుందేమోనని టెన్షన్. ఇవన్నీ ఎందుకు, ఇండియా వెళ్లినప్పుడు చేయించుకోవడమే నయమంటారా?

జవాబు: బ్యాంకువాళ్లు మీకు చెప్పింది నిజం. తప్పించుకుంటున్నది మీ కన్సల్టెన్సీయే.

డిస్‌ప్లే స్క్రీన్ ఎక్విప్‌మెంట్ నిబంధనలు 1992లో వచ్చాయి. 1993 జనవరి 1 నుంచి ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లలో అమల్లో ఉన్నాయి. వాటిలో 5వ నిబంధన పూర్తిగా కళ్ల గురించే. ఉద్యోగంలో భాగంగా ఎప్పుడూ స్క్రీన్ ముందు కూర్చునే ఉద్యోగి అడిగితే, యజమాని కంటి పరీక్ష చేయించాలి. ఎవరిని అలాంటి ఉద్యోగి అనాలి? రోజూ, ఆపకుండా గంటో అంతకు మించో స్క్రీన్ వాడేవాళ్లని హెచ్‌ఎస్‌ఈ అంటుంది. ఇది పనిచోట ఆరోగ్య భద్రత చూసే ప్రభుత్వ సంస్థ. ఐటీవాళ్లకి ఆ గంట పొద్దున కాల్స్‌లోనే అయిపోతుంది.

ఇక్కడ యజమాని అంటే మీతో ఉద్యోగ ఒప్పందం చేసుకుని జీతం ఇచ్చేవాడు. మీ విషయంలో అది కన్సల్టెన్సీ. మీరు ఏ క్లయింటు ఆఫీసులో కూర్చున్నారన్నది కంటి పరీక్షకి సంబంధం లేని సంగతి. అలాగని బ్యాంకుకి ఏ బాధ్యతా లేదని కాదు. తన పని కోసం వాడే బల్ల, కుర్చీ, మానిటర్ సరిగా ఉన్నాయో లేదో చూడాల్సిన బాధ్యత దానిది, వాటి ముందు కూర్చున్నది ఎవరి ఉద్యోగి అయినా సరే. ఇంటి నుంచి పనిచేసే రోజులకీ నిబంధనలు వర్తిస్తాయి. డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని మెడ వంచి పనిచేస్తుంటే తలనొప్పికి అదీ కారణం కావచ్చు, ఆ సంగతి కూడా కన్సల్టెన్సీకి రాయండి.

ఇక కళ్లజోడు. పరీక్ష ఖర్చు యజమానిదే గనుక అద్దాల ఖర్చూ యజమానిదేనని చాలామంది అనుకుంటారు. అంత సులువు కాదు. స్క్రీన్ ఉన్న దూరానికే ప్రత్యేకంగా అద్దాలు అవసరమని పరీక్షలో తేలాలి, మామూలు అద్దాలతో ఆ పని జరగకూడదు. అప్పుడే యజమాని డబ్బు పెట్టుకోవాలి. బస్సు నంబర్ కనిపించడానికి పెట్టుకునే అద్దాలతోనే స్క్రీన్ కూడా బాగా కనిపిస్తుంటే, వాటి ఖర్చు మీదే. అందుకే చాలామందికి పరీక్ష దొరుకుతుంది గానీ కళ్లజోడు దొరకదు. మీ పరిస్థితి వేరు. నలభై దాటాక వచ్చే చత్వారం చిక్కంతా ఈ నడిమి దూరంలోనే ఉంటుంది. దూరపు అద్దాలతో స్క్రీన్ మసక, చదువుకునే అద్దాలు పెట్టుకుంటే ముఖం తీసుకెళ్లి మానిటర్‌కి ఆనించాలి.

కాబట్టి మీ కేసు నిలబడేది ఆప్టోమెట్రిస్ట్ రాసిచ్చే కాగితం మీద. "కంప్యూటర్ పనికి, స్క్రీన్ దూరానికి ప్రత్యేక అద్దాలు అవసరం" అన్న వాక్యం అందులో ఉండాలి. ఉత్త పవర్ నంబర్లు రాసిచ్చిన చీటీ చూసి ఏ హెచ్‌ఆర్ అయినా ఇవి మామూలు అద్దాలేనంటారు. పరీక్షకి వెళ్లే ముందు మీ కంటి నుంచి మానిటర్ దాకా టేపు పెట్టి కొలిచి ఆ అంకె వాళ్లకి చెప్పండి, రెండు మానిటర్లుంటే రెండింటికీ. ఆ కాగితంలో మీ కంటి జబ్బుల వివరాలు ఉండక్కర్లేదు. అద్దాలు అవసరమా, మళ్లీ పరీక్ష ఎప్పుడు, ఇంతవరకే యజమానికి తెలిస్తే చాలు. మిగతావి మీ అనుమతి లేకుండా ఇవ్వరు.

290 పౌండ్లూ వస్తాయని మాత్రం ఆశ పెట్టుకోకండి. యజమాని ఇవ్వాల్సింది పనికి సరిపోయే మామూలు ఫ్రేము, మామూలు అద్దాలు. వెరైఫోకల్, అంటే మన దగ్గర ప్రోగ్రెసివ్ అనేది, మీకు దూరానికీ దగ్గరికీ కూడా పనికొస్తుంది. ఆ సౌకర్యం మీరు కోరుకున్నది గనుక, స్క్రీన్ అద్దాలకి అయ్యే మేరకు కంపెనీ ఇస్తుంది, పైది మీరు వేసుకోవాలి. బ్రాండెడ్ ఫ్రేముకీ ఇదే లెక్క. బ్లూ లైట్ కోటింగ్ కోసం కౌంటర్‌లో ఎంత బతిమాలినా సరే, దాన్ని ఈ పద్దులో రాయించలేరు.

మీ దగ్గర అసలు చిక్కు ఇంకోటి. చట్టం 'అడిగితే' అంటుంది. మీరు ముందు పరీక్ష చేయించుకుని తర్వాత అడిగారు. పాత బిల్లు ఇచ్చి తీరాలని పట్టుబట్టడానికి బలం తక్కువ. అయినా బిల్లు జతచేసి అడగండి, చాలా కంపెనీలు ఇస్తాయి. కళ్లజోడు మాత్రం ఇంకా కొనకండి. హెచ్‌ఆర్‌కి ఫోన్ చేయడం మానేసి ఈమెయిల్ పెట్టండి. "నేను రోజంతా స్క్రీన్ మీద పనిచేసే మీ ఉద్యోగిని. కళ్లు మసకలు, తలనొప్పి వస్తున్నాయి. 1992 నిబంధనల్లో 5వ దాని కింద కంటి పరీక్ష, అవసరమైతే అద్దాలు ఏర్పాటు చేయగలరు." ఇంతే చాలు. ఫలానా ఆప్టీషియన్ దగ్గరికే వెళ్లమని వోచర్ ఇస్తే గొడవపడకండి, ఎలా చేయించాలన్నది వాళ్లిష్టం. కానీ ఖర్చు జీతంలోంచి కోసుకోవడానికి వీల్లేదు. చట్టం చేయమన్న పనికి ఉద్యోగి దగ్గర డబ్బు వసూలు చేయకూడదని 1974 నాటి ఆరోగ్య భద్రత చట్టం 9వ సెక్షన్ చెబుతోంది. స్క్రీన్ ముందు కూర్చునే సిబ్బంది అందరికీ ఇదే సౌకర్యం ఉన్నంతవరకు దీనిమీద మీకు పన్నూ పడదు.

వీసా సంగతి. కళ్లజోడు అడిగారని హోం ఆఫీసుకి చెప్పాల్సిన పని స్పాన్సర్‌కి లేదు, అది వీసాకి తగిలే విషయమే కాదు. పనివల్ల ఆరోగ్యం దెబ్బతింటోందని యజమాని దృష్టికి తెచ్చినందుకు వేధిస్తే 1996 ఎంప్లాయిమెంట్ రైట్స్ చట్టం 44వ సెక్షన్, ఉద్యోగం తీసేస్తే 100వ సెక్షన్ మిమ్మల్ని కాపాడతాయి. వీటికి ఇన్నేళ్ల సర్వీసు ఉండాలన్న షరతు లేదు. ఈమెయిల్‌లో తలనొప్పి మాట రాయమన్నది ఇందుకే.

అప్పటికీ కదలకపోతే, ఆఫీసుల విషయం చూసేది సాధారణంగా స్థానిక కౌన్సిల్ పర్యావరణ ఆరోగ్య విభాగం, అక్కడ ఫిర్యాదు చేయొచ్చు. ఉద్యోగ వివాదాల్లో సలహా ఇచ్చే సంస్థ ఏకాస్, దాని హెల్ప్‌లైన్‌లో ఉచితంగా సలహా దొరుకుతుంది. కోర్టుకి వెళ్లే ఆలోచన మాత్రం నేను ప్రోత్సహించను. 2013 అక్టోబర్ 1 తర్వాత జరిగినవాటికి, ఇలాంటి నిబంధన ఉల్లంఘించారన్న ఒక్క కారణంతో పరిహారం దావా వేయడం కుదరదు, యజమాని నిర్లక్ష్యాన్ని కూడా నిరూపించాలి. ఒక కళ్లజోడు కోసం అంత దూరం వెళ్తే లాయరు ఫీజుకే పది కళ్లజోళ్లు వస్తాయి.

ఇండియాలో చేయించుకుంటే చవకే, కాదనను. కానీ అక్కడి బిల్లు ఇవ్వమని మీ కంపెనీని నిలదీయలేరు. కావాలంటే పనికి ఇక్కడి స్క్రీన్ అద్దాలు కంపెనీ ఖర్చుతో తీసుకుని, మీకు నచ్చిన ప్రోగ్రెసివ్ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేయించుకోండి. రెండూ ఉండకూడదని ఎవరూ అనలేదు.

ఇది చదివే డబ్లిన్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి యూరోపియన్ యూనియన్ ఊళ్లవాళ్లకి ఒక మాట. మీరు ఇంకాస్త మెరుగ్గా ఉన్నారు. రొమేనియాలో క్లుజ్ ఊళ్లోని ఒక ప్రభుత్వ ఉద్యోగి తన అద్దాల ఖర్చు 2,629 లేయీలు ఇవ్వమని వేసిన కేసులో, యూరోపియన్ న్యాయస్థానం 2022 డిసెంబర్ 22న తీర్పిచ్చింది. స్క్రీన్ పనిలో వచ్చే చూపు ఇబ్బందికి ఇచ్చే అద్దాలైతే చాలు, వాటిని పని బయట వాడుకున్నా పరవాలేదని అందులో తేల్చారు. బ్రిటన్ అప్పటికే యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చేసింది గనుక ఇక్కడి కోర్టులకి ఆ తీర్పు శిరోధార్యం కాదు, కావాలంటే పరిగణనలోకి తీసుకోవచ్చు. మీ హెచ్‌ఆర్ "ఇంట్లో కూడా పెట్టుకుంటారుగా" అని వాదిస్తే ఈమెయిల్‌లో దాన్ని ప్రస్తావించడంలో తప్పేమీ లేదు, కానీ దానిమీదే ఆధారపడకండి.