డాబా దాకా పోయిన మందారాన్ని ఇప్పుడు నరకొచ్చా?

మీ ముద్దమందారం డాబా ఎత్తుకి ఎదిగిపోయి పూలన్నీ పైనే పూస్తున్నాయి, ఈ శ్రావణంలోనే సగానికి నరికేద్దామా అనడిగారు కదండీ. ఇప్పుడొద్దండి బాబూ. మనవైపు వానలు, తుఫాన్లు కార్తీకం దాకా వదలవు, ఆ తడిలో లావుకొమ్మ కోస్తే కోసినచోట నల్లబడి అక్కణ్ణుంచి కిందకి ఎండిపోతా వచ్చేస్తది, పైగా మన ఒండ్రునేలలో నీళ్లు నిలిచాయంటే వేరుకి ఊపిరాడదు, ఇంక చెట్టు ఏం కోలుకుంటది. ప్రస్తుతానికి ఎండుపుల్లలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు తీసేయండి, చాలు.

అసలు పని సంక్రాంతి వెళ్లాక, చలి తగ్గేటప్పుడు పెట్టుకోండి. మందారం కొత్తచిగురుకే పూస్తది కాబట్టి కొయ్యడానికి భయపడక్కర్లేదు, కానీ మొత్తం ఒక్కసారే బోడి చెయ్యకండి. మా పెరట్లో అత్తయ్యగారు వేసిన చెట్టుకి ఏటా బాగా ముదిరిన కొమ్మలు చూసుకుని ఓ మూడోవంతు మాత్రం మోకాలెత్తుకి కోస్తాం, మిగతావి పై ఏడాదికి. అలాగైతే పూజకి పూలు ఆగవు, చేతికందే ఎత్తులో కొత్తకొమ్మలూ వస్తాయి. కడియం నర్సరీలో పనిచేసే ఆయన చూపించారు, బయటివైపుకి తిరిగున్న కన్ను, అదే చిగురు పుట్టే చోటు, చూసుకుని దానికి కాస్త పైన ఏటవాలుగా కొయ్యాలంట, లోపలివైపు కన్ను మీద కోస్తే చిగురు గుబురులోకి పోయి గాలాడక పిండినల్లి, అదే తెల్లగా పిండిలా అంటుకునే పురుగు, పట్టేస్తది. బొటనవేలు కన్నా లావున్న కోతలకి కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజుతెగుళ్ల మందు ముద్దలా కలిపి రాయండి, కట్టర్‌ని ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి వెళ్లేముందు స్పిరిట్‌తో తుడవండి.

పిండినల్లి ఉన్న కొమ్మలు గట్టున పడేయకుండా కాల్చేయండి, ఆకుల మీద మిగిలినదానికి లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి, చీమల్ని కూడా ఆపాలండోయ్, ఆ పురుగుని మోసుకొచ్చి కాపాడేది అవే. కోశాక పశువులఎరువు మొదలుకి జానెడు దూరంలో వెయ్యండి. యూరియా మాత్రం గుప్పించొద్దు, ఆకే వస్తది.

మల్లె సంగతి వేరు. దానికి నీళ్లు పెట్టడం ఆపేసి, డిసెంబర్‌లో మోకాలెత్తుకి కోసి ఆకు దూసేస్తే వేసవికి విరగబూస్తది.

ఇంకోమాట, పక్కనే గన్నేరు కూడా ఉందన్నారు, దాని కొమ్మలు మాత్రం కాల్చకండి, పొయ్యిలోకి అసలే వద్దు, ఆ పొగ కూడా విషమే. గేదెలు, మేకలు తినకుండా లోతుగా గొయ్యి తీసి పూడ్చేయండి, పాలు చేతికంటితే వెంటనే కడుక్కోండి.