పిల్లల స్పెషలిస్ట్ అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూస్తున్న తల్లిదండ్రులకు

హనుమకొండ నుంచి ఈ మధ్యే ఇంగ్లండ్ వచ్చిన ఒక చెల్లెలు అడిగింది. మూడేళ్ల బాబును జలుబని జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) దగ్గరికి తీసుకెళ్తే, గుండె దగ్గర ఏదో శబ్దం వినిపిస్తోంది, పిల్లల గుండె డాక్టరుకు రిఫర్ చేస్తాం అన్నారట. వారాలు గడుస్తున్నాయి, ఫోన్ లేదు, ఉత్తరం లేదు. "అన్నా, మన దగ్గరైతే పొద్దున టోకెన్ తీసుకుంటే సాయంత్రానికల్లా టూడీ ఎకో (గుండె స్కాన్) తీసి చెప్పేవాళ్లు, పిల్లగాణ్ని తీసుకుని ఇంటికి పోవాల్నా?" అని. కరీంనగర్ వాళ్లు, మంచిర్యాల వాళ్లు కూడా వేరే వేరే జబ్బుల గురించి ఇదే అడుగుతుంటారు, అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాదు. కానీ ఈ ఎదురుచూపు మా ఇంట్లోనూ నడిచింది కాబట్టి ఆ టెన్షన్ ఎలాంటిదో తెలుసు. రాత్రిపూట పిల్లాడి ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడటం, గూగుల్‌లో చదివినకొద్దీ ఇంకా భయపడటం, వాడు ఆడుతూ ఆడుతూ కాసేపు కూర్చుంటే చాలు అలసిపోయాడేమో అనుకోవడం. ఊళ్లో అయితే ఈ భయాన్ని నాయనమ్మ, మేనత్త, పక్కింటి వాళ్లు తలా కొంచెం పంచుకుంటారు. ఇక్కడ ఆయన డ్యూటీకి పోతే తల్లి ఒక్కతే. పిల్లాడు పడుకున్నాక రాత్రి 10 గంటలకు అమ్మకు ఫోన్ చేద్దామంటే అక్కడ ఎండాకాలమైతే తెల్లవారుజామున 2:30, చలికాలమైతే 3:30. అందుకే భయం రెట్టింపవుతుంది, అందులో మీ తప్పేం లేదు.

ముందు ఆ శబ్దం సంగతి. డాక్టర్లు దాన్ని మర్మర్ అంటారు. ఏ జబ్బూ లేని పిల్లల్లో కూడా ఇది చాలా మామూలుగా వినిపిస్తుంది, జ్వరం ఉన్నప్పుడు గుండె వేగంగా కొట్టుకుంటుంది కాబట్టి ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది కూడా. కొందరిలో గుండెలో రంధ్రం లాంటివి ఉండొచ్చు, అది తేల్చడానికే ఎకో. జీపీ అప్పటికప్పుడు ఆస్పత్రికి పంపకుండా ఇంటికి పంపారంటే, ఊపిరి, ఒంటి రంగు, బరువు ఇవన్నీ చూసి ప్రస్తుతానికి ఆగొచ్చు అనుకున్నారన్నమాట.

మన దగ్గర ముందు వెళ్లినవాళ్లకు ముందు నంబర్, ఇక్కడ అలా ఉండదు. జీపీ రాసిన లెటర్‌ను ఆస్పత్రిలో స్పెషలిస్ట్ టీమ్ చదివి ఇది అర్జెంటా, మామూలా అని విడదీస్తుంది. ఇంగ్లండ్‌లో మామూలు రిఫరల్‌కు చికిత్స మొదలవడానికి 18 వారాలు గరిష్ఠ గడువని ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) రాసుకుంది, కానీ చాలాచోట్ల అది దాటుతోంది. ఆలస్యమైందంటే మిమ్మల్ని మర్చిపోయారని కాదు, అయితే అప్పుడప్పుడు నిజంగానే లెటర్లు తప్పిపోతాయి. కాబట్టి నోరు మూసుకుని కూర్చోకండి. ముందు జీపీ రిసెప్షన్‌కు ఫోన్ చేసి రిఫరల్ ఏ తేదీన, ఏ ఆస్పత్రికి, అర్జెంటుగానా మామూలుగానా వెళ్లిందో అడిగి రాసుకోండి, ఆ లెటర్ కాపీ కూడా ఇమ్మనండి. తర్వాత ఆస్పత్రి మెయిన్ నంబరుకు చేసి పిల్లల గుండె డాక్టర్ సెక్రటరీకి కలపమనండి. లెటర్ అందిందా, ఎప్పటికి పిలుస్తారు అని అడగండి. ఎవరైనా అపాయింట్‌మెంట్ రద్దు చేసుకుంటే ఒక్కరోజు ముందు చెప్పినా వస్తామని పేరు రాయించండి, దీనివల్ల చాలామందికి ముందుగానే దొరికింది. మాటిమాటికీ అడిగితే ఏమనుకుంటారో అని మనవాళ్లు మొహమాటపడతారు. మర్యాదగా అడిగితే ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. ఎక్కడా జవాబు రాకపోతే ప్రతి ఆస్పత్రిలో పాల్స్ అనే విభాగం ఉంటుంది, రోగుల తరఫున అడిగిపెట్టడమే వాళ్ల పని.

కొత్తగా వచ్చినవాళ్లు ఏడాదిలోనే ఇల్లు మారుతుంటారు, ఇక్కడే అసలు చిక్కు. ఉత్తరం పాత అడ్రసుకు పోతుంది, మీకు తెలియకుండానే తేదీ దాటిపోతుంది, రాలేదని చెప్పి కేసును తిరిగి జీపీకి పంపేస్తారు, మళ్లీ మొదటి నుంచి. ఇల్లు మారితే జీపీకీ, ఆస్పత్రికీ విడివిడిగా చెప్పండి. ఆస్పత్రి ఫోన్లు చాలాసార్లు నంబర్ కనిపించకుండా వస్తాయి, ఫ్రాడ్ కాల్ అనుకుని కట్ చేయకండి.

ఇక ఆగకూడని సందర్భాలు. పెదవులు, నాలుక నీలంగా మారినా, ఊపిరి తీసుకోవడం కష్టమైనా, స్పృహ తప్పినా అంబులెన్స్ నంబర్ 999కి చేయండి, అపాయింట్‌మెంట్ ఉందిగా అని చూడొద్దు. చంటిపిల్లలు పాలు తాగుతూ చెమటలు పట్టి అలసిపోతున్నా, బరువు పెరగకపోయినా అదే రోజు జీపీకి చెప్పండి, వాళ్లు ఆస్పత్రికి మళ్లీ రాసి రిఫరల్‌ను అర్జెంటుగా మార్పించగలరు. ఏం చేయాలో తేలకపోతే ఎన్‌హెచ్‌ఎస్ సలహా నంబర్ 111, రాత్రీపగలూ ఉంటుంది, ఖర్చు లేదు. ఇంగ్లిష్‌లో చెప్పడం కష్టమైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, దానికీ డబ్బులు అక్కర్లేదు.

ఇంటివాళ్లకు చెప్పాలా వద్దా? నా మాటైతే చెప్పండి, కానీ శబ్దం వినిపించింది, పరీక్ష చేస్తారు, పిల్లగాడు మంచిగ ఆడుకుంటున్నడు అని అంతవరకే. నాయనమ్మ మేడారంలో నిలువెత్తు బంగారం (బెల్లం) మొక్కుకుంటానంటే, వేములవాడలో కోడె కడతానంటే మొక్కనివ్వండి. అంత దూరాన ఉన్న ఆమె మనవడి కోసం చేయగలిగింది అదే, ఆమెకు ధైర్యం వస్తే మీతోనూ ధైర్యంగానే మాట్లాడుతుంది. ఇక్కడ కూడా ఒక్కరికైనా చెప్పుకోండి. ఐదేళ్లలోపు పిల్లలుంటే హెల్త్ విజిటర్ (చిన్నపిల్లల కుటుంబాలను చూసుకునే నర్సు) ఉంటారు, వాళ్లతో తల్లి భయం గురించి కూడా మాట్లాడొచ్చు.

ఇంటికి పోవాల్నా అన్నదానికి వస్తే, దీనికోసమే టికెట్లు కొనొద్దు చెల్లె. అక్కడ ఎకో తీయించినా ఇక్కడి డాక్టరు మళ్లీ తీయాలనే అవకాశమే ఎక్కువ, పైగా మీరు లేనప్పుడే ఇక్కడి తేదీ రావొచ్చు. ఎలాగూ పండక్కి వెళ్తున్నారంటే తప్పకుండా చూపించి, రిపోర్టూ, సీడీ తెచ్చుకోండి, ఊళ్లో ఉండే తేదీలు ముందే ఆస్పత్రికి చెప్పండి. అసలు ఆగలేకపోతే ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్‌లో పిల్లలు ఉన్నారేమో చూడండి, లేదా సొంత డబ్బుతో ఇక్కడే ప్రైవేటులో ఒకసారి చూపించండి, ఫీజు ఎక్కువే కానీ మూడు విమాన టికెట్లకంటే తక్కువే పడొచ్చు. దానివల్ల ఎన్‌హెచ్‌ఎస్ వరుసలో మీ చోటు పోదు.

అపాయింట్‌మెంట్ రోజున ఇద్దరూ వెళ్లండి, ఒకరు పిల్లాణ్ని చూసుకుంటే ఒకరు వినొచ్చు. రెడ్ బుక్ (పిల్లల బరువు, టీకాలు రాసే ఇక్కడి పుస్తకం), మన దగ్గరి టీకాల కార్డు, పుట్టినప్పటి డిశ్చార్జ్ కాగితాలు పట్టుకెళ్లండి. అడగాల్సినవి ముందురోజే రాసుకోండి: ఆటలు ఆడొచ్చా, విమానం ఎక్కొచ్చా, మళ్లీ ఎప్పుడు చూపించాలి, ఈలోపు ఏమైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి. డాక్టర్ జీపీకి రాసే లెటర్ కాపీ మీకూ పంపమని అక్కడే చెప్పి రండి.